ఇరవై రోజులు

“శుక్రవారానికి మేళగాళ్ళకి కబురెట్టమంటావా, వద్దంటావా? అదొక్కటీ సెప్పీ బావా, నాను ఇంటికెల్లి తొంగుంటాను” అన్నాడు కనకరత్నం గుమ్మంలో నిలబడి.

గురునాథరావు తలెత్తలేదు. నూనె పీచుతో వేళ్ళ సందుల్లో మసి తుడుచుకుంటున్నాడు. లోకోషెడ్డు గోడకి ఆనుకున్న ఆ రేకుల గదే యూనియన్ ఆఫీసు. ఆఫీసంటే ఒక బల్ల, రెండు బెంచీలు, ఒక జెండా, బ్రాంచి సెక్రటరీ గురునాథరావు. ఏప్రిల్ ఎండకి పైన రేకులు టకటకమంటున్నాయి.

“వద్దు” అన్నాడు చివరికి.

“మేళం వద్దా, మొత్తానికే వద్దా?”

“మొత్తానికే వద్దు.”

“అయితే జ్ఞానదాసు గారు మామూలుగా ఇంజను దిగిపోయి, టిఫిను క్యారేజీ సంకలో పెట్టుకుని ఇంటికెల్లిపోడమేనేటి?”

“కాళ్ళున్నాయి గదా. ఎల్తాడు.”

సరేనని కనకరత్నం గుమ్మం దిగాడు. అతను సెకండ్ ఫైర్‌మ్యాన్. ఇంజను వెనక టెండరులో బొగ్గు పగలగొట్టడం, ఎవరేమన్నా సర్దుకుపోవడం అతని ఉద్యోగం.

వాల్తేరు షెడ్డులో రిటైరయ్యే డ్రైవరుకి ఒక మర్యాద ఉంది. ఆఖరి ట్రిప్పు ముగించుకుని ఇంజను షెడ్డులోకి వచ్చే దారిలో పట్టాల మీద వరసగా డిటోనేటర్లు పెడతారు. మంచు పట్టినప్పుడు డ్రైవర్ని హెచ్చరించడానికి వాడే బిళ్ళలవి. చక్రం ఎక్కగానే ఢామ్మని పేల్తాయి. ఇంజనుకి అరటి బోదెలు కడతారు, బంతిపూల దండలేస్తారు, మేళం పెడతారు. ఆ పైన యూనియన్ సెక్రటరీ మైకు పట్టుకుని ఆ మనిషి సర్వీసు ఎన్నేళ్ళో, ఎన్ని నెలలో, ఎన్ని రోజులో చదువుతాడు. ఈ మర్యాద తాగుబోతు డ్రైవర్లకీ జరిగింది, ఫైర్‌మ్యాన్ల మీద పారలు విసిరిన డ్రైవర్లకీ జరిగింది. పెళ్ళిలో మంగళసూత్రం లాంటిది, తప్పనిసరి.

జ్ఞానదాసుకి మాత్రం జరగడానికి వీల్లేదని గురునాథరావు పట్టు. ఎనిమిదేళ్ళ కిందట, డెబ్భై నాలుగు మే నెలలో, దేశమంతా రైలు సమ్మె జరిగిన ఇరవై రోజులూ జ్ఞానదాసు బండి నడిపాడు. అతన్ని ‘లాయల్ వర్కరు’ అన్నారు పైవాళ్ళు. కిందివాళ్ళు అన్న మాట రాయడానికి వీల్లేదు. అదే సమ్మెలో గురునాథరావు జైలుకెళ్ళాడు, ఉద్యోగం పోగొట్టుకున్నాడు, మూడేళ్ళకి ప్రభుత్వం మారాక మళ్ళీ పార పట్టుకున్నాడు. అతని తర్వాత చేరినవాళ్ళు డ్రైవర్లయి అతనికే ఆర్డర్లేస్తున్నారు. నలభై దాటినా అతను ఫైర్‌మ్యానే. పైగా ఆరు నెలల కిందట డ్యూటీ చార్టు రాసే మహానుభావుడు అతన్ని తీసుకెళ్ళి జ్ఞానదాసు ఇంజను మీదే పడేశాడు.

ఇంజను మీద ఫైర్‌మ్యాన్, డ్రైవరు మాట్లాడుకోకుండా ఉండటానికి లేదు. సిగ్నలు కనబడగానే ఒకడు అరవాలి, రెండోవాడు అదే మాట తిరిగి అరవాలి. అది రూలు. అందుచేత ఈ ఆరు నెలలూ వాళ్ళిద్దరూ రోజుకి వంద మాటలు అరుచుకున్నారు. అన్నీ సిగ్నళ్ళే.

*

బుధవారం పొద్దున్న గూడ్సుతో కొత్తవలస బయల్దేరారు. సింహాచలం దాటేసరికి ఎండ ముదిరింది. గురునాథరావు తలకి తువ్వాలు బిగించి, కాలితో పెడల్ నొక్కి, ఫైర్‌బాక్సు తలుపు తెరుచుకోగానే పార విసురుతున్నాడు. బొగ్గుని కుప్పగా పొయ్యడు. నాలుగు మూలలకీ, మధ్యకీ పల్చగా పరుస్తాడు. పారని చివర్లో చిన్నగా తిప్పుతాడు. ఆ తిప్పుడు నేర్పినవాడు జ్ఞానదాసే.

“అవుటర్ ఎత్తే ఉంది!” అని అరిచాడు గురునాథరావు పెందుర్తి స్టేషను బయటి సిగ్నలు చూసి.

“అవుటర్ ఎత్తే ఉంది” అన్నాడు జ్ఞానదాసు. రెగ్యులేటరు మూసి, బ్రేకు లాగి, సిగ్నలు రెక్కకి వంద గజాల ఇవతల బండి ఆపాడు. సన్నగా, పొడుగ్గా ఉంటాడాయన. నీలం చొక్కా గుండీలు మెడ దాకా పెట్టుకుంటాడు. ఇంకో రెండు రోజుల్లో యాభై ఎనిమిది నిండుతాయి.

పావుగంటయినా సిగ్నలు దిగలేదు. కనకరత్నం టీ డబ్బా ఫైర్‌బాక్సు పైన అరుగు మీద పెట్టి వేడిచేశాడు. ముగ్గురికీ పోశాడు.

“శుక్రవారం ఏటీ లేదంట గదా” అన్నాడు జ్ఞానదాసు, టీ ఊదుకుంటూ. సిగ్నలు కాని మాట!

గురునాథరావు కనకరత్నం వైపు చూశాడు. కనకరత్నం వెంటనే బొగ్గు వైపు చూశాడు.

“లేదు” అన్నాడు గురునాథరావు.

“నాకూ అక్కర్లేదు. గాని మా ఇంటిది ఆరోగ్యమ్మ ఉంది సూడు, అమ్మాయికి ఉత్తరం రాసీసింది. ప్రేమలీల, అల్లుడు, ఇద్దరు పిల్లలు రాజమండ్రి నుంచి వస్తన్నారు, తాత ఇంజను పటాసుల మీంచి వస్తాదని. ఆళ్ళకేటి సెప్పమంటావు?”

“నిజం సెప్పండి. సమ్మెలో పనికెల్లేను, అందుకే లేదు అని సెప్పండి.”

“సెప్తాను. ఎందుకెల్లేవు తాతా అంటారు.”

“ఎందుకెల్లేరు మరి?”

గురునాథరావు అడగకూడదనుకున్న ప్రశ్న అది. నోరు జారింది. ఎనిమిదేళ్ళుగా ఆ ప్రశ్న అతని గొంతులోనే ఉంది.

జ్ఞానదాసు ఆలోచించే చెప్పాడు. “ఒకటి, భయం. క్వార్టరు కాళీ సెయ్యమంటే ఎక్కడికెల్తాను? రెండోది, నాకు మీ మాట నచ్చలేదురా. రైలాగితే మంత్రి ఇంట్లో పొయ్యి ఆగదు, కూలోడి ఇంట్లో ఆగుతాది. అప్పుడూ అదే అన్నాను, ఇప్పుడూ అదే అంటాను.”

“రోజుకి పద్నాలుగ్గంటలు, పదహారు గంటలు ఇంజను మీద నిలబెట్టేవారు మనల్ని! అది తగ్గించమని అడగడం తప్పా? ఇప్పుడు డ్యూటీ టైముకి దిగిపోతన్నారే మీరు, అది ఎవరి పుణ్యమనుకున్నారు?” గురునాథరావు టీ గ్లాసు పక్కన పెట్టి పార అందుకున్నాడు. ఒక పార వేశాడు. “అందరూ దిగిపోతే వారంలో తేలిపోను.” ఇంకో పార. “మీలాటోళ్ళు బండి నడిపేరు, ఆళ్ళు రైళ్ళు తిరుగుతున్నాయని పేపర్లో ఏసుకున్నారు.” ఇంకో పార. “నన్ను జీపెక్కించిన రోజు మీరు ఇంజను మీంచి సూత్తన్నారు. నాను సూసేను. ఒక్క మాట, ఒక్క మాట ఆడేరా మీరు?” ఇంకోటి.

“ఏటి ఆడమంటావు? పోలీసోడు నా మాట ఇంటాడా?”

“ఇనకపోతే ఇనకపోయేడు! నాను ఇందును!”

ఆ మాటతో పాటు ఇంకో రెండు పారలు పడ్డాయి. నిలబడిన ఇంజనులో అంత బొగ్గు వేసే ఫైర్‌మ్యాన్ ఉండడు. ఆవిరి గేజీలో ముల్లు ఎర్రగీత దాటడం కనకరత్నం చూశాడు కాని, ఎవరికి చెప్పాలో తెలియలేదు. ఒక్కసారిగా ఇంజను నెత్తి మీద సేఫ్టీ వాల్వు లేచి చెవులు పగిలేలా ఆవిరి చిమ్మింది. పొలంలో ఆవులు తోకలెత్తి పరిగెత్తాయి. ఇక మనిషి మాట మనిషికి వినబడదు. గురునాథరావు నోరు మాత్రం ఆడుతూనే ఉంది.

ఫైర్‌మ్యాన్‌కి ఇంతకంటే తలవంపు లేదు. నిలబడ్డ బండికి వాల్వు లేపాడంటే వాడికి పని రాదన్నమాటే. జ్ఞానదాసు టీ గ్లాసు కింద పెట్టాడు. వంగి ఇంజెక్టరు తిప్పి బాయిలర్లోకి చన్నీళ్ళు వదిలాడు. మూడు నాలుగు నిమిషాలకి ముల్లు దిగి, వాల్వు తనంతట తాను కూచుంది. చెవుల్లో హోరు మిగిలింది.

“మా ఆడదాన్ని కుళాయి దగ్గర నీల్లు పట్టుకోనివ్వలేదురా మీ ఆళ్ళు” అన్నాడు జ్ఞానదాసు, ఏ హడావిడీ లేకుండా. “మే నెల. బిందె తన్నేసేరు. ఇరవై రోజులూ జ్ఞానాపురం నుంచి మోసుకొచ్చింది. నువ్వు జైల్లో ఉన్నావు, నీకు తెలీదు. తెలీదనే సెప్తన్నాను.”

గురునాథరావుకి నిజంగానే తెలియదు.

“నాను మాత్తరం ఏ పక్కా కాదు” అన్నాడు కనకరత్నం, ఎవరూ అడక్కుండానే. “నాకప్పుడు టైఫాయిడ్.”

“నోర్ముయ్!” అన్నారిద్దరూ ఒకేసారి. షెడ్డులో ఆ టైఫాయిడ్‌ని నమ్మినవాడు ఇప్పటిదాకా ఒక్కడూ లేడు. జ్ఞానదాసుకి నవ్వొచ్చింది. గురునాథరావుకి కూడా వచ్చింది కాని, మొహం అటు తిప్పుకున్నాడు.

“అవుటర్ దిగింది!” అని అరిచాడు.

“అవుటర్ దిగింది” అన్నాడు జ్ఞానదాసు.

*

కంచరపాలెంలో ఇంటికొచ్చేసరికి భార్య కాశమ్మ వీధరుగు మీద కూచుని ఎండు నెత్తళ్ళ తలలు గిల్లుతోంది. గురునాథరావు నూతి దగ్గర రెండు చేదలు పోసుకుని, తల తుడుచుకుంటూ వచ్చి పక్కన కూచున్నాడు. పెందుర్తిలో జరిగిందంతా చెప్పాడు, వాల్వు లేచిన సంగతి తప్ప.

“బిందె తన్నేసేరంట! మనోళ్ళు అలగ సేస్తారేటే? ఆయన కల్పించేడేమో” అన్నాడు.

కాశమ్మ గిల్లడం ఆపింది. “కల్పించలేదు. నానే తన్నేను.”

“ఏటీ?”

“ఏటేటి? నానే. ఇత్తడి బిందె. సొట్ట పడిపోయింది.”

“ఓసి నీ... మరి నాకెప్పుడూ సెప్పలేదే!”

“నువ్వు జైలు నుంచి వచ్చినాక సెప్దామనే అనుకున్నాను. గొప్పగా సెప్పాలో, సిగ్గుతో సెప్పాలో తెలక ఊరుకున్నాను.” ఆమె చాటని పక్కకి జరిపింది. “నిన్ను అట్టుకెల్లిపోయేరు. క్వార్టరు కాళీ సేయించి సామాన్లు వీధిలో పడేసేరు. ఆ మంటలో ఉన్నాను నాను. ఆవిడ బిందెట్టుకుని వచ్చింది. తన్నేసేను. ఆ మడిసి ఒక్క మాటంటే బాగున్ను. తిడితే నానూ తిట్టుదును, అక్కడితో సెల్లయిపోను. ఏటీ అన్లేదు. సొట్ట బిందె అట్టుకుని నీల్లు లేకుండా ఎల్లిపోయింది. ఇప్పుడికీ బజార్లో కనబడితే నాను పక్క సందులోకి తిరిగిపోతాను.”

గురునాథరావు తువ్వాలు విదిలించి భుజం మీద వేసుకున్నాడు. తర్వాత మొండిగా, “అయితే నాను మూడేళ్ళు ఫిషింగ్ హార్బరులో ఐసు దిమ్మలు మోసేనే, అదేటి మరి?” అన్నాడు.

“మోసేవు. ఎవరు కాదన్నారు? దాసు గారు ఒక్కడూ పనికెల్లకపోతే నీ ఉజ్జోగం ఉండేదేటి?”

“ఆయనొక్కడూ కాదే. అందరూ ఎల్లకపోతే ఉండేది.”

“అందరూ!” అంది కాశమ్మ. మళ్ళీ ఒక నెత్తల్లి తల గిల్లింది. “ఆవిడ కూతురు, మనవలు వస్తన్నారంటన్నావు. అప్పుడు నాను తన్నేసేను. ఇప్పుడు పిల్లల ముందు నువ్వు తన్నుతావా? నీ ఇష్టం.”

గురునాథరావుకి కోపం వచ్చింది, భార్య మీద కాదు. ఎవరి మీదో తెలియక అన్నం రెండుసార్లు వడ్డించుకుని తిన్నాడు.

*

గురువారం మధ్యాహ్నం యూనియన్ గదిలో ఏడెనిమిది మంది చేరారు.

“సేద్దాం” అన్నాడు గురునాథరావు. “మేళం, పటాసులు, దండలు, మైకు. అందరికీ సేసినట్టే.”

“అదేటి? మొన్న వద్దన్నావు!” అన్నాడు ఫిట్టరు శ్రీరామ్మూర్తి. సమ్మెలో అతని తమ్ముడి ఉద్యోగం పోయి తిరిగి రాలేదు. “లాయల్‌గాడికి దండేస్తే రేపు ఇంకో సమ్మెకి ఎవుడొస్తాడు? పనికెల్లినోడికీ దండే, జైలుకెల్లినోడికీ దండే అయితే జైలుకెందుకెల్లడం?”

“జైలుకి దండ కోసం ఎల్లేమేటి మనం?” అన్నాడు గురునాథరావు. “ఆయన సేసింది తప్పే. రేపు ఆయన ముందే అంటాను. గాని మనం సేసినయ్యీ ఉన్నాయి. ఆయన ఆడమనిసికి నీల్లు దొరక్కుండా సేసేం. అది ఏ డిమాండులో ఉందో సెప్పు!”

శ్రీరామ్మూర్తి అది విన్నాడు. “నాను రాను” అన్నాడు.

“రాకు. నీ కష్టం నాకు తెలుసు.”

అందరూ వెళ్ళాక గురునాథరావు టైమ్‌కీపరు దగ్గర జ్ఞానదాసు చేరిన తేదీ రాయించుకొచ్చాడు. పదకొండు ఆగస్టు, నలభై ఆరు. బల్ల మీద కాగితం పెట్టి పెన్సిలుతో కూడుకున్నాడు. ముప్పై అయిదేళ్ళు. ఎనిమిది నెలలు. మిగిలిన రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టాడు, అనుమానం వచ్చి మళ్ళీ లెక్కపెట్టాడు. సరిగ్గా ఇరవై!

పెన్సిలు చెవిలో పెట్టుకుని చాలాసేపు ఆ అంకె వైపు చూశాడు. దేవుడు కావాలని మిగిల్చినట్టుంది. మేళం పెడుతున్నాం, దండలేస్తున్నాం, ఇంకేం కావాలి? పెన్సిలు తీసి ఇరవై రోజులు కొట్టేశాడు. ముప్పై అయిదేళ్ళ ఎనిమిది నెలలు. చదవడానికి కూడా బాగుంది. తప్పెవరూ పట్టరు. అతని మనసు చల్లబడింది.

*

శుక్రవారం సాయంత్రం నాలుగున్నరకి ఇంజను యార్డు మలుపు తిరిగింది. బాయిలరుకి అరటి బోదెలు, బంతిపూలు. పొద్దున్నే కనకరత్నం ఇత్తడి భాగాలన్నీ ఇటుకపొడితో తోమి మెరిపించాడు. జ్ఞానదాసు ఎప్పటి నీలం చొక్కానే వేసుకున్నాడు, ఇస్త్రీ మాత్రం కత్తిలా ఉంది.

“షెడ్డు లైను క్లియర్!” అని అరిచాడు గురునాథరావు.

“షెడ్డు లైను క్లియర్” అన్నాడు జ్ఞానదాసు. విజిలు తాడు లాగి వదిలాడు.

మొదటి డిటోనేటరు పేలగానే కాకులన్నీ లేచాయి. రెండు, మూడు, నాలుగు. మనవలిద్దరూ చెవులు మూసుకుని గెంతుతున్నారు. వాళ్ళ వెనక ఆరోగ్యమ్మ, ప్రేమలీల నిలబడ్డారు. కాశమ్మ కాస్త ఎడంగా నిలబడింది. ఒక్కొక్క పేలుడికీ ఒక్కొక్క అడుగు జరుగుతూ, చివరికి ఆరోగ్యమ్మ పక్కకి చేరింది.

“వదినా, ఆ బిందె...” అంది.

“సొట్ట తీయించీసేం లెండి ఎప్పుడో” అంది ఆరోగ్యమ్మ, ఇంజను మీంచి చూపు తిప్పకుండానే. తర్వాత కొంచెం పక్కకి జరిగి, “ఇలగ రండి, ఇక్కడికి బాగా కనబడతాది” అంది. కాశమ్మ జరిగింది. కళ్ళు తుడుచుకుని, పొగ మీద పెట్టింది నేరం.

షెడ్డు ముందు బెంచీల మీద యాభై అరవై మంది కూచున్నారు. రానివాళ్ళు రాలేదు. గురునాథరావు దండ వేశాడు, మైకు పట్టుకున్నాడు, కాగితం తీశాడు.

“లోకో డ్రైవరు జ్ఞానదాసు గారు. సర్వీసు ముప్పై అయిదేళ్ళ ఎనిమిది నెలలు!”

చప్పట్లు కొట్టారు. ఎవరికీ ఏమీ అనుమానం రాలేదు. జ్ఞానదాసు మాత్రం గురునాథరావు వైపు తలతిప్పి చూశాడు. ఆ చూపు అందుకుని గురునాథరావు కాగితం మడిచాడు. సన్మానం పొందినవాడు రెండు ముక్కలు మాట్లాడాలి గనక మైకు ఆయన చేతికిచ్చాడు.

“మా సెక్రటరీ బాగా సదివేడు” అన్నాడు జ్ఞానదాసు. “గాని ఇరవై రోజులు మింగీసేడు.”

కొందరు నవ్వారు. తర్వాత అర్థమైనవాళ్ళు అర్థమైనట్టు ఊరుకున్నారు. కనకరత్నం దగ్గాడు.

“పదకొండో తారీకున సేరేను నాను. ఈరోజు ముప్పై. సేతేళ్ళ మీద లెక్కెట్టుకోండి. ఆ ఇరవై ఎక్కడికెల్లిపోయేయో నాకు తెలుసు, ఈడికి తెలుసు, ఇప్పుడు మీకూ తెలుసు. సమ్మెలో నాను బండి నడిపేను. నడపలేదని మనవల ముందు అబద్ధం ఆడను. మీరు తప్పంటారు, అనండి. తప్పయినా అది నా సర్వీసే. నా తప్పు నాకిచ్చీండి.”

గురునాథరావు చెవులు కాలిపోయాయి. ఇంతమందిలో! మేళం పెట్టించి, దండ వేసినందుకు ఇదా? అతను లేచి నిలబడ్డాడు. జ్ఞానదాసు మైకు వదల్లేదు.

“కూకో, అయిపోలేదు. ఇంకో లెక్కుంది. గురునాథరావు సర్వీసెంత అని అడిగితే అందరూ పదమూడేళ్ళంటారు. మధ్యలో మూడేళ్ళు తీసీసి సెప్తారు. ఈడి సేతికి పార ఇచ్చింది నాను, అరవై ఆరులో. ఆ మూడేళ్ళు ఈడు ఇంజనెక్కలేదు, నిజమే. ఎందుకెక్కలేదు? మా డ్యూటీ గంటలు తగ్గించండని అడిగేడు. నాకోసం కూడా అడిగేడు. అది ఇంజను పని కాదేటి? నా లెక్కలో ఈడిది పదహారేళ్ళు. ఎవరడిగినా పదహారే సెప్తాను. నా ఇరవై రోజులు నాకిచ్చీరా. నీ మూడేళ్ళు నువ్వు తీస్కో.”

చప్పట్లు లేవు. గాలికి అరటాకులు ఇంజనుకి కొట్టుకుంటున్న చప్పుడే వినబడింది. గురునాథరావు అలాగే నిలబడి ఉన్నాడు. ఉద్యోగం తిరిగొచ్చిన రోజున కూడా ఆ మూడేళ్ళ గురించి ఎవరూ ఇలా అనలేదు. యూనియన్ వాళ్ళు జిందాబాదన్నారు, బంధువులు అయ్యో అన్నారు. పని అని ఎవరూ అనలేదు.

అతను మైకు అందుకున్నాడు. కాగితం విప్పబోయి, అక్కర్లేదని జేబులో కుక్కేశాడు.

“లోకో డ్రైవరు జ్ఞానదాసు గారు” అన్నాడు. “సర్వీసు, ముప్పై అయిదేళ్ళ ఎనిమిది నెలల...” అక్కడ ఆగి జ్ఞానదాసు వైపు చూశాడు. మళ్ళీ మొదలెట్టాడు. “ఎనిమిది నెలల ఇరవై రోజులు!”

ఈసారి చప్పట్లు షెడ్డు రేకుల్ని తాకాయి.

“గాని ఆ ఇరవై రోజులూ మీరు సేసింది తప్పే దాసు గారూ” అన్నాడు గురునాథరావు, చప్పట్లు ఆగకుండానే.

“నువ్వు సేసిందీ తప్పేరా.”

“నాదేటి తప్పు? పదహారు గంటలు నిలబెడితే...”

“నిలబెడితే? సమ్మె ఒక్కటే దారేటి?”

“ఇంకే దారుందో సెప్పండి మరి! ఎనిమిదేళ్ళుగా అడుగుతన్నాను!”

“ఎక్కడడిగేవురా? మొన్న పెందుర్తిలో అడిగేవు!”

ఇద్దరూ ఒకే బెంచీ మీద కూచున్నారు, మెళ్ళో దండ ఒకరికీ, చేతిలో మైకు ఇంకొకరికీ. మేళగాళ్ళు వాయించాలా వద్దా అన్నట్టు కనకరత్నం వైపు చూశారు. కనకరత్నం ఆగమని చెయ్యి చూపించాడు. పిల్లలు తాత ఒళ్ళో చేరారు. మైకు కట్టెయ్యమని ఎవరూ అనలేదు.